పత్తిలో తేమ చూసే మీటరు

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతు ధర కంటే ముందు వినేది తేమ శాతం. భారత పత్తి సంస్థ, అందరి నోటా సీసీఐ, మద్దతు ధరకు కొనేటప్పుడు 8 శాతం దాకా తేమకు పూర్తి ధర ఇస్తుంది. ఆపైన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం కోత. 12 దాటితే కొనదు. 2025-26 సీజనులో పొడవు పింజ పత్తికి క్వింటా మద్దతు ధర 8,110 రూపాయలు. తేమ ఒక శాతం పెరిగితే 81 రూపాయల 10 పైసలు పోతాయి. 12 దగ్గర చేతికొచ్చేది 7,785 రూపాయల 60 పైసలు. 13 అని తేలితే ఇక ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. ఆ సీజనులోనే, 2025 అక్టోబరు చివర్లో, మొంథా తుపాను వానలకు పత్తి తడిసి ఈ 12 పరిమితిని సడలించాలని రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్రాన్ని కోరే దాకా పరిస్థితి వెళ్లింది.

ఈ అంకెను తేల్చేది చేతిలో పట్టే ఒక ఎలక్ట్రానిక్ పెట్టె. కొన్నిటికి కుప్పలోకి గుచ్చే లోహపు కడ్డీలుంటాయి, కొన్నిటికి పత్తిని కుక్కే గిన్నె ఉంటుంది. ఒక ఊరి రైతుల ఏడాది కష్టం మీద తీర్పు చెప్పే యంత్రం ఎలా పనిచేస్తుందో ఆ రైతులకు తెలియాలి. అందుకే దీని కథ చెబుతున్నాను.

మీటరుకు నీరు కనబడదు. రెండు లోహపు కొనల మధ్య కొద్దిపాటి వోల్టేజి పెట్టి, దూది గుండా ఎంత కరెంటు పారిందో చూస్తుంది, అంతే. పత్తి పోగు దాదాపు అంతా సెల్యులోజు. సెల్యులోజు అణువుల మీదుండే హైడ్రాక్సిల్ గుంపులు గాలిలోని నీటి ఆవిరిని పట్టి ఉంచుకుంటాయి. బాగా ఎండిన దూది కరెంటును దాదాపు పారనివ్వదు. తేమ చేరేకొద్దీ పోగులో ఇరుక్కున్న లవణాల అయాన్లు వదులై కదలడం మొదలుపెడతాయి. తేమ రెట్టింపైతే విద్యుత్ నిరోధం సుమారు వెయ్యో వంతుకు, ఇంకా దిగువకు కూడా, పడిపోతుంది. ఇంత నిటారుగా మారే గుణం దొరకడమే మీటరు పుట్టుకకు కారణం. నిరోధాన్ని కొలవడంలో పది శాతం పొరపాటు జరిగినా, 10 శాతం తేమ దగ్గర అది 0.1 తేడాగా మాత్రమే కనబడుతుంది.

ఈ సంగతిని లోతుగా పట్టించుకున్నవాళ్లు పత్తి వ్యాపారులు కారు, టెలిఫోన్ ఇంజనీర్లు. వందేళ్ల కిందట టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో రాగి తీగలకు పట్టు నూలు, పత్తి నూలు చుట్టేవాళ్లు. వాన రోజుల్లో గాలి చెమ్మగిల్లితే పత్తి నూలు గుండా కరెంటు కారిపోయేది. పట్టు మెరుగే, కానీ ఖరీదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మర్ఫీ, వాకర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వస్త్రపు నారల గుండా కరెంటు ఎలా పారుతుందో పరిశోధించి 1928లో ప్రచురించారు. పత్తిని శుభ్రమైన నీటితో కడిగి లవణాలు పోగొడితే దాని నిరోధం ఎన్నో రెట్లు పెరిగింది. కడిగిన పత్తి తీగల మీద పట్టు స్థానాన్ని ఆక్రమించింది. చేలో మొక్క పీల్చుకున్న పొటాషియం లాంటివాటి లవణాలే దూదిలో కరెంటును మోస్తున్నాయని అప్పుడు రుజువైంది. ఆ కాలంలోనే, 1927లో, ఆల్ఫ్రెడ్ స్టామ్ కలపలోనూ తేమకూ నిరోధానికీ ఇలాంటి లంకెనే చూపించాడు. కలప మీటర్లు, గింజల మీటర్లు, పత్తి మీటర్లు ఒకే కుదురు నుంచి వచ్చినవి.

సూత్రం తెలిసినంత మాత్రాన పెట్టె చేతికి రాలేదు. వదులుగా ఉన్న పొడి దూది నిరోధం కోట్ల ఓముల్లో ఉంటుంది. కొలిచే పరికరమే కొంత కరెంటును మింగేస్తే ఇక కొలవడానికేం మిగలదు. వాక్యూమ్ ట్యూబులతో ఆ పని చేయవచ్చు గానీ అవి బరువు, వేడెక్కుతాయి, పెద్ద బ్యాటరీలు కావాలి. ఈ ముడి విప్పింది ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్. బెల్ ల్యాబ్స్‌లోనే మొహమ్మద్ అటల్లా, డావన్ కాంగ్ తయారుచేసిన మాస్ఫెట్ ఆ జాతిదే; అందులో గేటు అనే అదుపు కొన గుండా దాదాపు కరెంటే పారదు. గేటు మీది వోల్టేజి మాత్రమే పక్కన పారే కరెంటును అదుపు చేస్తుంది. అలాంటి ట్రాన్సిస్టర్లు చిప్‌లోకి చేరాక చిన్న బ్యాటరీతో నడిచే చేతి మీటరు చేయడం తేలికైంది.

ఇక చిక్కుల సంగతి. నిరోధాన్ని మార్చేది తేమ ఒక్కటే కాదు. దూది వేడెక్కినా నిరోధం తగ్గుతుంది. ఉష్ణోగ్రతను సరిచూసుకునే ఏర్పాటు లేని మీటరు ఎండలో కాగిన పత్తిని ఉన్నదానికంటే తడిగా చూపిస్తుంది. గిన్నెలో వదులుగా వేస్తే తక్కువ చూపిస్తుంది, గట్టిగా అదిమితే ఎక్కువ. కుప్ప పైపొర ఎండి లోపల చెమ్మ ఉండవచ్చు. పైగా రైతు తెచ్చేది గింజ తీయని పత్తి. దాని బరువులో మూడింట రెండొంతులు గింజే. పచ్చిగా ఉన్న గింజ పక్కనున్న దూదికి తేమ ఇస్తూనే ఉంటుంది. కనుక పొద్దున ఇంటి దగ్గర పైన చూసిన అంకె, మధ్యాహ్నం యార్డులో లోపల చూసిన అంకె వేరైతే ఎవరో మోసం చేశారనే అనుకోనక్కర్లేదు. లెక్కలోనూ ఒక తిరకాసుంది. బొత్తిగా ఎండిన 100 కిలోల దూదికి 8.5 కిలోల నీరు చేరితే వస్త్ర పరిశ్రమ దాన్ని 8.5 శాతం అంటుంది. మొత్తం బరువు మీద చూస్తే అది 7.8 మాత్రమే. మీటరు ఏ లెక్క చెబుతోందో దాని మీద రాసి ఉండాలి.

ఆదోనికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరులో ఇదే తేమ నేత మనిషికి చుట్టం. 1938లో మాచాని సోమప్ప నిలబెట్టిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరది. ఆయనకు 1954లో పద్మశ్రీ దక్కింది. పత్తి పోగు తడిస్తే బలపడుతుంది, మరీ ఎండితే పెళుసై తెగుతుంది. కర్నూలు పడమటి ఎండల్లో గుంట మగ్గం కింది నేల చెమ్మ పడుగు పోగులను కాపాడుతుంది. యార్డులో డబ్బు కోసే నీరే మగ్గం మీద పోగు తెగకుండా చూస్తుంది.

ఆ నూలు పోగే ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలకు వస్తువైంది. 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో నికొలస్ కోటవ్ బృందం పత్తి నూలును కార్బన్ నానోట్యూబుల ద్రావణంలో ముంచి ఆరబెట్టి, ఆ నూలు గుండా కరెంటు పంపి ఎల్‌ఈడీ వెలిగించింది. 2011లో కార్నెల్, ఇటలీలోని కాల్యరి విశ్వవిద్యాలయాల పరిశోధకులు బంగారు నానో రేణువులు, కరెంటు పారే పాలిమరు పూసిన పత్తి పోగులతో ట్రాన్సిస్టరే చేశారు. ఇలాంటి నూలు బజారు దాకా రావాలంటే నాడె రాపిడికీ, ఉతుకుకూ తట్టుకోవాలి. ఆ పరీక్షలకు మగ్గం తెలిసిన చేతులు కావాలి, అవి ఎమ్మిగనూరులో ఉన్నాయి.

మీటరు వారసులు మాత్రం ఇప్పటికే వచ్చేశాయి. నీటి అణువులు 1450, 1940 నానోమీటర్ల దగ్గర పరారుణ కాంతిని పీల్చుకుంటాయి. దూదిని తాకకుండానే ఆ వెలుతురు లోటును చదివే చేతి పరికరాలు తయారవుతున్నాయి. కానీ వాటికి కనబడేది పైపొరే. అదిమి కట్టిన పత్తి బేలు లోపలికి చూడాలంటే మైక్రోవేవులు కావాలి. టెక్సాస్‌లోని లబ్బక్ పత్తి పరిశోధన కేంద్రంలో ఆ పని సాగింది.

నాకు వీటన్నిటికంటే ఆశ కలిగించేది చాలా చవకైన ఒక చిప్. ఫిన్లండ్‌కు చెందిన వైసాలా కంపెనీ 1973లో పలుచని పాలిమర్ పొర నీటిని పీల్చుకున్నప్పుడు మారే కెపాసిటెన్సుతో (విద్యుదావేశాన్ని నిలవ ఉంచుకునే గుణంతో) గాలి తేమను కొలిచే సెన్సరు తెచ్చింది. ఆ జాతి సెన్సర్లు ఇవాళ మిల్లీమీటర్లలోకి కుదించుకుపోయాయి, ఉష్ణోగ్రతను కూడా తామే చూసుకుంటాయి. అలాంటి సెన్సరును ఒక గొట్టంలో అమర్చి కుప్ప నడుమ రాత్రంతా ఉంచితే పోగుల మధ్య గాలి తేమ తెలుస్తుంది. దాన్నిబట్టి దూది తేమ అంచనాకు వస్తుంది. ఎండుతున్న పత్తి, చెమ్మ పీల్చుకుంటున్న పత్తి ఒకే గాలిలో ఒకే తేమ దగ్గర నిలవవు కాబట్టి ఆ అంచనాలో కొంత సందు ఉంటుంది. అయినా ఇంకో రోజు ఆరబెట్టాలా, బండి కట్టాలా అన్నది రైతు ఇంటి దగ్గరే తేల్చుకోవడానికి అది చాలు.

కొనే చోట మాత్రం ఆ అంచనా సరిపోదు. ఏ మీటరైనా చివరికి సరిచూసుకోవాల్సింది పాత పద్ధతితోనే: కొంత పత్తిని తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఎండబెట్టి, మళ్లీ తూచాలి. గంటలు పట్టే పని కనుక ప్రతి బండికీ కుదరదు, మీటరుకైతే కుదురుతుంది. సీజను మొదలయ్యే ముందు ప్రతి కొనుగోలు కేంద్రంలోని మీటరునూ రైతుల ఎదుటే ఓవెన్‌తో సరిచూసి, వచ్చిన తేడాను గోడ మీద రాసి పెట్టాలి.