పాత పెట్రోలు కార్లలో స్టార్టింగ్, ఐడ్లింగ్ లోపాలు – కార్బురేటర్ స్క్రూ తిప్పే ముందు గమనించవలసినవి

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలి తరం మారుతి 800 వంటి కార్బురేటర్ కార్లు ఉదయం వేళ స్టార్ట్ కాకపోవడం, అయినా సిగ్నల్ వద్ద ఆగిపోవడం వాటి యజమానులకు కొత్త కాదు. ఇటువంటప్పుడు ముందుగా కార్బురేటర్ స్క్రూను తిప్పడం పరిపాటి అయినది. లోపం వేరొకచోట ఉన్నప్పుడు ఈ సర్దుబాటు వలన అసలు కారణం మరుగున పడటమే గాక, పొగలో కాలుష్యం కూడా పెరగవచ్చును.

పెట్రోలు వాహనాల కాలుష్య తనిఖీ ఐడ్లింగ్‌లో, అనగా యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్న స్థితిలో జరుగుతుంది. భారత్ స్టేజ్-2కు ముందటి ప్రమాణాల ప్రకారం తయారైన నాలుగు చక్రాల వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం మించరాదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 115వ నిబంధన నిర్దేశిస్తున్నది.

తాళం తిప్పినప్పుడు స్టార్టర్ మోటారు నెమ్మదిగా తిరిగినా, టక్కుమని ఆగినా బ్యాటరీ వైపు చూడవలెను. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. టెర్మినళ్లపై పేరుకున్న తెల్లని పొడి, ఇంజన్‌కు బాడీకి మధ్య వదులైన ఎర్త్ తీగ కూడా ఇదే లక్షణాన్ని కలిగిస్తాయి. వీటిని శుభ్రపరచకుండానే కొత్త బ్యాటరీ కొన్నవారు ఎందరో!

మోటారు చురుకుగా తిరుగుతూ ఇంజన్ అందుకోనప్పుడు స్పార్క్ ప్లగ్గును విప్పి చూడవలెను. ప్లగ్గు పొడిగా ఉన్నచో పెట్రోలు అందడం లేదని అర్థం. ఫిల్టరు, పంపులోని డయాఫ్రమ్, గొట్టాలను పరీక్షించాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును దృష్టిలో ఉంచుకొని తయారుచేయని పాత రబ్బరు భాగాలు త్వరగా పాడయ్యే అవకాశం ఉన్నందున ఈ తనిఖీ మరింత అవసరం. ప్లగ్గు తడిగా ఉన్నచో చోక్ అతిగా వాడటమో, స్పార్క్ లేకపోవడమో కారణం. డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్టు పాయింట్లు కాలినా, వాటి మధ్య ఖాళీ మారినా, కండెన్సర్ చెడినా స్పార్క్ బలహీనపడుతుంది. పెట్రోలు ఆవిరి ఉన్నచోట స్పార్క్ పరీక్ష చేయరాదు.

చోక్ లాగి ఉంచితే నడిచి, వేడెక్కిన పిదప చోక్ వదలగానే ఆగిపోయే ఇంజన్‌కు పెట్రోలు పాలు తక్కువైనదన్నమాట. ఐడిల్ జెట్ మూసుకుపోవడం లేదా మానిఫోల్డ్ గాస్కెట్, వాక్యూమ్ గొట్టాల వద్ద బయటి గాలి లోపలికి చొరబడటం ఇందుకు కారణం. గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కిపట్టి చూచినప్పుడు, ఏ గొట్టం వద్ద ఇంజన్ నిలకడగా మారునో లోపం అక్కడే ఉన్నట్లు. క్రమబద్ధంగా కుదుపు వస్తున్నచో ఒక సిలిండర్ పనిచేయడం లేదని భావించి ప్లగ్గు, దాని తీగ, వాల్వ్ క్లియరెన్స్, కంప్రెషన్ చూడాలి.

ఇవన్నీ సరిచేసి, ఇంజన్ పూర్తిగా వేడెక్కిన తరువాత, ఎయిర్ ఫిల్టరు యథాస్థానంలో ఉండగా మాత్రమే కార్బురేటర్ స్క్రూను తయారీదారు పుస్తకం ప్రకారం సర్దవలెను. ఈ పరీక్షలను మూసిన షెడ్డులో జరపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు గాని, వాసన గాని ఉండదు.