గడువు లేని చెర

శిక్షపడి చెరసాలకు పోయినవానికి గడువొకటి యుండును. ఆఱునెలలో ఆఱేండ్లో, ఇంటనున్న యిల్లాలు దినములు లెక్కించుకొనును. నాయన యెప్పుడు వచ్చునని బిడ్డ యడిగినచో ఏదో యొక పండుగ పేరు చెప్పగలదు. గడువే లేని చెరను గూర్చి నేడు మేము ముచ్చటింపదలచితిమి.

2001 సెప్టెంబరు 11వ తేదీని ఉగ్రవాదులు అమెరికాలో రమారమి మూడువేలమందిని చంపిరి. అంతటి ఘోరము జరిగినపుడు ప్రజలు భయపడుటయు, ప్రభుత్వము కఠినమగుటయు సహజమే. మఱుసటి జనవరి 11వ తేదీని, క్యూబాలో తాము 1903 నుండి కౌలునకు పుచ్చుకొన్న గ్వాంటనామో నౌకాస్థావరమున ఆ ప్రభుత్వమువా రొక చెరసాల తెఱచిరి. ఉగ్రవాదులని యనుమానింపబడిన సుమారు 780 మంది క్రమముగా అందు చేర్పబడిరి. అంతదూరమున నేల? ఆ నేల క్యూబాది గనుక అమెరికా న్యాయస్థానముల యధికార మచట చెల్లదని వారి వాదము. తమ యింట చేయరాని పనిని పొరుగువారి వసారాలో చేసి, మా గడపలో నేమియు జరుగలేదనుట వంటిది.

ఆ బందీలలో లఖ్దర్ బుమెదీన్ అను అల్జీరియా దేశస్థు డొకడు. ఇతడు బోస్నియాలోని సరాయెవో నగరమున రెడ్ క్రెసెంట్ సంఘములో, యుద్ధమున అయినవారిని గోల్పోయిన బాలలకు సాయము చేయు నుద్యోగి. అచటి అమెరికా దౌత్యకార్యాలయమును పేల్చివేయ దలచెనని 2001 అక్టోబరులో ఇతనిని, మఱి యైదుగురిని పట్టుకొనిరి. 2002 జనవరిలో బోస్నియా న్యాయస్థానము వారిని విడువుమనెను. చెర వెడలినంతనే వారిని అమెరికా సైనికుల కప్పగించిరి.

ఇల్లాలు ఇద్దఱు పసికూతుండ్రతో మిగిలెను. కూతుండ్రు వ్రాసిన జాబులు కొన్ని తిరిగిపోయెను. కొన్నిటిలో మాటలు కొట్టివేయగా ప్రేమ తెలుపు పలుకు లేవియు మిగులలేదు. తన్నేల బంధించిరో చెప్పుమని ఇతడు రెండేండ్లకుపైగా నిరాహారుడై యుండెను. దినమునకు రెండుమారులు ముక్కులో గొట్టము దూర్చి ఆహారము పోసిరి.

బందీని బంధించిన కారణమును న్యాయమూర్తికి చూపవలెనను హక్కును హెబియస్ కార్పస్ అందురు. ఆ హక్కు గ్వాంటనామో బందీలకును గలదని 2008 జూన్ 12వ తేదీని అమెరికా సుప్రీముకోర్టు ఇతని వ్యాజ్యెముననే తీర్పు చెప్పెను. న్యాయమూర్తులలో ఐదుగు రొకవైపు, నలుగురు వేఱొకవైపు! బాంబు నేరారోపణను పిమ్మట ప్రభుత్వమువారు మానుకొనిరి. ఆ నవంబరున, నాటి అధ్యక్షుడే నియమించిన న్యాయమూర్తి, పేరు తెలియని యొక్కని మాట తప్ప ఆధారము లేదని చెప్పి, ఇతనిని మఱి నలుగురిని విడువుమనెను. 2009 మే నెలలో ఇతడు ఫ్రాన్సు చేరి భార్యాబిడ్డలను గలిసికొనెను. ఏడేండ్లు దాటినవి.

ఒక్కని విడిచినచో వేయిండ్లు కూలునేమో యని కొందఱందురు. ఆ భయమును మేము తేలికగా చూడము. కాని న్యాయస్థాన మడుగునది కారణము చూపుమనియే. 2001 ఘోరమునకు సూత్రధారులని చెప్పబడినవారి విచారణయు 2025 వఱకు ముగియలేదు. రహస్యస్థలములలో హింసించి రాబట్టిన మాటలు సాక్ష్యమునకు చెల్లునా యను తగవుతోనే యేండ్లు గడచినవి. చచ్చినవారి తల్లులకును తీర్పు దొరకలేదు.

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. విచారణ లేక బంధింపవచ్చునను 1919 నాటి రౌలటు చట్టముపై మన పెద్దలు హర్తాళములు చేసిరి. అయినను మన రాజ్యాంగపు 22వ అధికరణము మూడునెలలవఱకు అట్టి నిర్బంధమును సమ్మతించుచున్నది. అంతకు మించినచో సలహామండలి యొప్పవలెను. కారణమును బందీకి తెలుపవలెను. తక్కువ రక్షణమే, కాని యొక గడువన్నది కలదు.

2025 జనవరి నాటికి గ్వాంటనామోలో పదునైదుగురు మిగిలియుండిరి. వారిలో కొందఱిపై అంతవఱకు ఏ నేరమును మోపబడలేదు.