ద్వారబంధం చూసి దర్జా చెప్పేవారు!

ఈపురుపాలెం : ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇల్లు చూడవస్తే ముందు కంటబడేది సింహద్వారమే. పిల్లనిచ్చేందుకు వచ్చినవారు అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగేలోగా, ద్వారబంధం మీది చెక్కడాన్ని బట్టి ఆ ఇంటి తాహతు లెక్కగట్టేవారు.

ఆ చెక్కడాలు వట్టి సింగారం కాదు. ప్రతిదానికీ ఒక అర్థం ఉంది. పై అడ్డపట్టె నడుమ ఉండే గజలక్ష్మి సిరికి గుర్తు. గుడి వాకిలి మీద దేవతను చెక్కే ఆచారమే ఇంటి గుమ్మానికీ వచ్చింది. పూర్ణకుంభం నిండుదనానికి, చిలకల జంట దాంపత్యానికి, నిలువు పట్టెల మీద పాకే తీగ వంశవృద్ధికి సంకేతాలు. వైష్ణవుల ఇళ్లలో శంఖుచక్ర నామాలు కనిపిస్తాయి.

కలపలోనూ అంతస్తులుండేవి. బ్రిటిష్ వారి హయాంలో బర్మా టేకు ఓడల మీద కోస్తా రేవులకు దిగేది. ఎగువ అడవుల కలప గోదావరిలో తేలుతూ రాజమండ్రికి చేరేది. ఆ టేకు కొనగలిగింది మోతుబరులు, కరణాలు, మునసబులే. కరణం, మునసబు పదవులు 1984లో రద్దయినా, వారి ద్వారబంధాలు కొన్ని ఊళ్లలో నేటికీ చెక్కు చెదరలేదు. ఉలి, కొడతి పట్టిన వడ్రంగికి ఒక్క ద్వారబంధమే వారాల తరబడి పని. అన్నాళ్లూ కూలి, గ్రాసం ఇవ్వగలగడమే అసలు హోదా. చెక్కడం ఎంత లోతుగా ఉంటే గాదె అంత నిండుగా ఉన్నట్టు!

మరి గుంటమగ్గమే ఆస్తిగా బతికే నేతగాని ఇంటి మాటేమిటి? అక్కడ వేప ద్వారబంధమే గతి. చెక్కడాలుండవు. అయినా దాన్ని నిలిపేది మంచి ముహూర్తానే. గడప కింద నవధాన్యాలు వేస్తారు. వడ్రంగికి కొత్తబట్టలు, తాంబూలం ముడతాయి. శుక్రవారం గడపకు పసుపు, కుంకుమ పెడతారు. పండగకు మామిడాకుల తోరణం కడతారు. మోతుబరి టేకు మీద చెక్కించుకున్న మామిడాకు, ఈ పచ్చి తోరణానికి నకలే కదా! గొప్పతనం చెక్కది. శుభం మాత్రం అందరిదీ.

నేడు కథ మారింది. 2014 ఏప్రిల్ నుంచి బర్మా టేకు దుంగల ఎగుమతిని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. కంప్యూటరు మిషను గజలక్ష్మిని గంటల్లో చెక్కేస్తోంది. ఒకే అచ్చు వందల ఇళ్లకు చేరుతోంది. ఉలి పనివారికి పిలుపు తగ్గింది. పెంకుటిళ్లు పడగొట్టి శ్లాబు వేసేటప్పుడు తాతల నాటి ద్వారబంధాలు కలప ధరకే పాత సామాన్ల వ్యాపారుల పాలవుతున్నాయి.

వాటి విలువ తెలిసినవారూ లేకపోలేదు. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో, నల్గొండ ప్రాంతపు కొయ్యలగూడెం నేతగాని ఇంటిని తెచ్చి నిలబెట్టారు. టిక్కెట్టు కొని జనం చూస్తున్నారు.

అంత దూరం పోనక్కరలేదు. ఇల్లు పడగొట్టే ముందు ద్వారబంధాన్ని జాగ్రత్తగా ఊడదీయించి, చెదలు దులిపించి, నూనె పట్టిస్తే కొత్త ఇంట్లో దేవుడి గదికైనా పనికొస్తుంది. దాన్ని సరిచేసి బిగించే పని ఊరి వడ్రంగికే ఇస్తే, ఆ ఉలికీ నాలుగు రోజులు కూడు దొరుకుతుంది.