మన చేని పంట – మన యింటి వంట

మేము తరగతిలో సామగింజలు చూపినప్పుడు వాని పేరు చెప్పఁగలిగినవారు కొందఱే. భద్రాచల మన్యపు కోయల పూర్వాహారము జొన్నలు, సామలు, కొఱ్ఱలే కదా! నేఁడు చేనిలో ప్రత్తి, చౌకదుకాణములో బియ్యము. జొన్నలను తగిన ధరకుఁ గొనువారు లేనిచో రైతు వానిని విత్తఁడు.

2013వ సంవత్సరపు జాతీయ ఆహారభద్రతా చట్టము బియ్యము, గోధుమలతోపాటు చిఱుధాన్యములకును చోటిచ్చినది. చట్టములో చోటున్నఁ జాలదు, కొనుగోలును వలయును. పొరుగుననున్న ఒడిశా ప్రభుత్వము 2017లో చిఱుధాన్యముల పథకము నారంభించి, పిమ్మట గిరిజన రైతుల రాగులను మద్దతు ధరకుఁ గొని రేషను కార్డులపై పంచినది. కొనువారు నిశ్చయమైనచో రైతు విత్తుటకు వెఱవఁడు. మన ప్రాంతమునను చౌకదుకాణములకును, వసతిగృహములకును ఇట్లే స్థానిక ధాన్యమును కొనవలెను.

విద్యార్థులారా, మీ అవ్వతాతల నడిగి, ఏ ధాన్యము నెప్పుడు విత్తిరో వ్రాసికొనుఁడు. విత్తనము నశించిన పిదప ధనమిచ్చినను మరల రాదు.