ఇంటర్నెట్ గడువు ముగిసినపుడు: పాత కంపెనీయా, కొత్త కంపెనీయా?

కొలది సంవత్సరముల క్రిందటి వరకు ఇంటికి తీగ ద్వారా ఇంటర్నెట్ అనునది పట్టణవాసులకు మాత్రమే అందుబాటులో నుండెడిది. నేడు ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణములలోనే గాక, వాని చుట్టునున్న పల్లెలలోను, కొల్లేటి లంక గ్రామములలోను ఎన్నో ఇండ్లకు ఈ సౌకర్యము చేరినది. పిల్లల చదువు, బ్యాంకు వ్యవహారములు, చేపల రొయ్యల ధరవరలు, దూరదేశములందున్న బిడ్డల పలుకరింపు మొదలైనవన్నియు ఆ సన్నని తీగమీదనే నడచుచున్నవి. పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు సైతము 2020 సంవత్సరమున ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా సాగుచున్నవి.

సౌకర్యముతో పాటు ఒక కొత్త చిక్కు కూడ వచ్చినది. ఆరు నెలలకో, సంవత్సరమునకో చెల్లించిన గడువు ముగియు దినములలో, పాత కంపెనీవారు మరల సొమ్ము కట్టుమందురు. అదే సమయమున మరియొక కంపెనీ మనిషి కరపత్రము పట్టుకొని వాకిట నిలుచును. తన ధర తక్కువ యనును, వేగము ఎక్కువ యనును. ఏది చేయుట మేలో తెలియక గృహస్థులు పంచాయతీ సభ్యులను సలహా అడుగుట సహజము. పంచాయతీ కార్యాలయమునకే తీగ వేయించుకొన్నచోట ఆ నిర్ణయము సభ్యులే చేయవలసివచ్చును. అందుచే ఈ విషయమును కొంత వివరముగా చెప్పదలచితిమి.

మా అభిప్రాయమును ముందుగనే మనవి చేయుచున్నాము. నెలసరి ధర ఒక్కటే చూచి మారరాదు. అలవాటు ఒక్కటే చూచి నిలిచిపోరాదు. తీగ ఏ దారిని వచ్చుచున్నది, తెగినపుడు ఎవరు వచ్చి ఎంత కాలములో బాగుచేయుదురు, సంవత్సరమునకు మొత్తము ఖర్చు ఎంత అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరికిన పిమ్మటనే నిర్ణయము చేయవలెను.

మన ప్రాంతమునకు తీగలు వచ్చిన విధము

2000 అక్టోబరు 1వ తేదీన ఏర్పడిన భారత సంచార్ నిగమ్ వారి టెలిఫోను తీగలమీదనే మొదట ఇంటర్నెట్ మన ఊళ్ళకు వచ్చినది. అవి రాగి తీగలు. దూరము పెరిగినకొలది వానిలో వేగము తగ్గును. 2011లో కేంద్ర ప్రభుత్వము గ్రామ పంచాయతీల వరకు గాజు తీగను, అనగా ఆప్టికల్ ఫైబరును చేర్చుటకు ఒక పథకమును మంజూరు చేసినది. అదియే 2015 నుండి భారత్‌నెట్ అని పిలువబడుచున్నది. మన రాష్ట్రమున 2015లో ఫైబర్‌నెట్ సంస్థ ఏర్పడినది. ఆ పథకమును 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిరి. తొలి దినములలో ఇంటర్నెట్, టెలివిజను, టెలిఫోను మూడును కలిపి నెలకు 149 రూపాయలకే ఇయ్యబడెను. ఆ ధర తరువాత మారినది. 2019లో జియో వారు ఇంటి ఫైబరును వాణిజ్య ప్రాతిపదికన ప్రారంభించిరి. 2023 నుండి ఎయిర్‌టెల్, జియో కంపెనీలు తీగ లేకుండ టవరునుండి సంకేతమును గ్రహించు పెట్టెలను కూడ ఇండ్లకు అమర్చుచున్నవి.

ఇట్లు పోటీ పెరుగుట వలన గృహస్థునకు మేలే కలిగినది. అయితే అన్ని ఊళ్ళలో ఎంపిక ఒకే రీతిగా లేదు. తాడేపల్లిగూడెం వంటి వర్తక కేంద్రమున ఒక వీధిలోనే పలు కంపెనీలవారు దొరకవచ్చును. కొల్లేటి నడుమనున్న లంక గ్రామమున ఒకరో ఇద్దరో ఉందురు. పట్టణమునకు సరిపడిన సలహా లంకకు సరిపడదు.

తీగ నడచు దారి

రాష్ట్ర ఫైబర్‌నెట్ వారు భూమిని త్రవ్వి తీగ వేయుటకు బదులు, విద్యుత్ స్తంభములపై సుమారు 24,000 కిలోమీటర్ల పొడవున తీగను కట్టిరి. ఖర్చును కాలమును కలిసివచ్చినవి. కేబులు టెలివిజను ఆపరేటర్ల ద్వారా ఇండ్లకు కనెక్షనులు ఇప్పించిరి. ఇతరుల తీగలు కూడ పెక్కుచోట్ల స్తంభములమీదుగానే వచ్చుచున్నవి. కనుక గాలివానకు స్తంభము ఒరిగినచో దానిపైనున్న తీగలన్నియు తెగును. పాత కంపెనీ తీగ తెగుచున్నదని కొత్త కంపెనీకి మారినవాడు, ఆ కొత్త తీగయు అదే స్తంభముల వరుసమీద వచ్చుచున్నదని గమనింపనిచో, డబ్బు ఖర్చగును గాని కష్టము తీరదు. వీధిలో నిలిచి ఒకసారి తల యెత్తి చూచిన ఈ సంగతి తెలియును.

కొల్లేటి ప్రాంతమున ఈ విచారణ మరింత ముఖ్యము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరుల నీరు సరస్సున చేరును. అది ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినపుడు ఏలూరు-కైకలూరు రోడ్డుమీద నీరు పారి రాకపోకలకు ఆటంకము కలిగినది. అట్టి సమయమున తీగ తెగినచో, కొల్లేటికోటకో గుడివాకలంకకో బాగుచేయు మనిషి వచ్చుటయే కష్టము. కనుక లంకవాసి అడుగవలసిన మొదటి ప్రశ్న వేగమును గూర్చి కాదు. "మీ లైనుమన్ ఎక్కడ నుండును? నీరు వచ్చినపుడు మా ఊరికి ఎట్లు వచ్చును?" అని అడుగవలెను. ఊరిలోనే యుండు ఆపరేటరు నెలకు ఏబది రూపాయలు ఎక్కువ తీసికొన్నను, దూరముననున్న చవక కంపెనీకంటె మేలు కావచ్చును.

మరియొక జాగ్రత్త గలదు. వరదలు, తుపానులు సాధారణముగా ఆగస్టు మొదలు నవంబరు వరకు వచ్చును. సంవత్సరమునకు ఒక్కమారుగా చెల్లించిన కొంత తగ్గింపు లభించుట నిజమే. కాని కొత్త కంపెనీవారి పనితనము తెలియనపుడు, మొదట నెలకో మూడు నెలలకో మాత్రమే చెల్లించి, ఒక వానాకాలము గడచిన పిమ్మట సంవత్సరపు చెల్లింపునకు పూనుకొనుట క్షేమకరము.

ఎంత వేగము చాలును?

కరపత్రములలో పెద్ద అక్షరములతో నుండునది వేగము. సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని దానిని కొలుతురు. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము చేసిన నిర్వచనము ప్రకారము సెకనుకు కనీసము 2 మెగాబిట్ల వేగము ఉన్నదే బ్రాడ్‌బాండ్. అంతకుముందు 2013 నుండి ఈ కొలత 512 కిలోబిట్లు మాత్రమే. ముఖము చూచుచు మాటలాడుటకు ఒక్కొక్కరికి రెండు మూడు మెగాబిట్లు, స్పష్టమైన చలనచిత్రమునకు సుమారు అయిదు మెగాబిట్లు చాలును. నలుగురున్న ఇంటికి 30 లేక 40 మెగాబిట్లు నిలకడగా వచ్చిన కొరత యుండదు. 300 మెగాబిట్లకు అధికముగా చెల్లించుట, మనిషికి గ్లాసెడు నీరు చాలునపుడు ట్యాంకరు తెప్పించుట వంటిది.

ఇంకొక విషయము. వేగము తక్కువగా నున్నదని కంపెనీని మార్చుటకు ముందు, లోపము తీగలో నున్నదా, ఇంటిలో నున్నదా అని చూడవలెను. పెట్టె ముందుగదిలో నుండి, లోపలి గదిలో ఫోను చూచినపుడు మందముగల గోడలు సంకేతమును అడ్డగించును. పెట్టె ప్రక్కనే కూర్చుండి చూచినపుడు వేగము సరిగా నుండినచో కంపెనీ దోషము లేదు. పెట్టెను ఇంటి నడుమకు ఎత్తైన చోటికి మార్చిన చాలును. పెట్టెపై ఎఱ్ఱ దీపము మిణుకుచున్నచో సాధారణముగా తీగయందే లోపమున్నదని తెలియవలెను.

ధర చీటీలో చిన్న అక్షరములను కూడ చదువవలెను. నెలకు ఇన్ని గిగాబైట్లు దాటిన పిమ్మట వేగము తగ్గించు నియమము కొన్నిటియందు గలదు. ఆ హద్దు ఎంత, దాటిన తరువాత మిగులు వేగము ఎంత అని అడిగి వ్రాసికొనవలెను.

కాగితముమీద లెక్క

ఒక ఉదాహరణమును గైకొందము. పాత కంపెనీవారికి నెలకు 500 రూపాయలు. దానిపై 18 శాతము జి.ఎస్.టి. కలుపగా 590. సంవత్సరమునకు 7,080 రూపాయలు. కొత్త కంపెనీవారు నెలకు 400 అని చెప్పిరనుకొనుడు. పన్నుతో 472. సంవత్సరమునకు 5,664. తేడా 1,416 రూపాయలు. చూపునకు ఇది మంచి ఆదాయమే. అయితే తీగ లాగి పెట్టె బిగించుటకు 1,000 రూపాయలు అడిగినచో, మొదటి సంవత్సరమున మిగులునది 416 రూపాయలు మాత్రమే. పాత ప్యాకేజీలో టెలివిజను చానళ్ళు కలిసియుండి, కొత్తదానిలో లేనిచో ఆ 416 కూడ మిగులదు. పెట్టెకు డిపాజిట్టు కట్టినచో అది తిరిగి వచ్చు సొమ్మే యైనను, అంతవరకు చేతిలో నుండదు. మరల రెండవ సంవత్సరమున ఆ తక్కువ ధర కొనసాగునా, అది మొదటి ఆరు నెలలకేనా అని విచారింపవలెను.

ఈ లెక్క వేసిన పిదప పాత కంపెనీవారినే ఒకమారు అడుగుట ఉచితము. కొత్తగా చేరువారికిచ్చు ధరను పాతవారు అడిగిననే గాని ఇయ్యరు. అదే సొమ్మునకు ఎక్కువ వేగముగల ప్యాకేజీ వచ్చియుండియు, పాత చందాదారు పాత ప్యాకేజీలోనే మిగిలిపోవుట కలదు. గడువునకు ఒక నెల ముందుగ అడిగినచో బేరమునకు వ్యవధి యుండును.

మారవలెననిన పాటింపవలసిన వరుస

అన్నియు విచారించి మారుటయే మేలని తేలినచో, ఈ క్రమమును పాటింపవలెను.

1. కొత్త తీగ వచ్చి వారము దినములు సరిగా పనిచేసిన తరువాతనే పాతదానిని తీసివేయింపవలెను.

2. పాత కంపెనీకి ముగింపును వ్రాతమూలముగా గాని, వారి ఫోను కేంద్రమున గాని తెలిపి, నమోదు సంఖ్యను వ్రాసికొనవలెను.

3. పాత పెట్టె కంపెనీదైనచో దానిని అప్పగించి రసీదు పొందవలెను. రసీదు లేనిచో డిపాజిట్టు రాబట్టుట కష్టము.

4. బ్యాంకు ఖాతానుండి నెలనెలా సొమ్ము దానంతటదే పోవు ఏర్పాటు చేసియుండినచో దానిని రద్దుచేయింపవలెను.

5. కొత్త పెట్టెకు పాత వైఫై పేరును, సంకేతపదమును అట్లే ఉంచినచో ఇంటిలోని ఫోనులు, చెరువుగట్టున అమర్చిన కెమెరాలు మరల సరిచేయకయే పనిచేయగలవు.

ఇంటి ఫోను నంబరు విషయమున ప్రత్యేక జాగ్రత్త వలయును. సెల్‌ఫోను నంబరును మార్చకుండ కంపెనీ మారు వసతి దేశమంతట 2011 జనవరి నుండి గలదు. తీగ ఫోనుకు అట్టి వసతి లేదు. ఏలూరు 08812, తాడేపల్లిగూడెం 08818 కోడులతో చిరకాలముగా వాడుచున్న నంబరు, కంపెనీ మారినచో పోవును. ఆ నంబరు దుకాణపు బోర్డుమీదను, బంధువుల పుస్తకములందును వ్రాయబడియున్నచో దాని విలువను కూడ లెక్కలో చేర్చవలెను.

సేవ సరిగా లేనిచో

కొందరు కోపముతో కంపెనీ మారుదురు. ఫిర్యాదు చేసిన తీరునట్టి లోపమునకు మారనవసరము లేదు. టెలికాం నియంత్రణ సంస్థ 2012లో చేసిన నిబంధనల ప్రకారము, చందాదారు ఫిర్యాదును నమోదు చేసి సంఖ్య ఇచ్చుట కంపెనీ విధి. అందు తృప్తి కలుగనిచో ఆ కంపెనీలోనే అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును. నియంత్రణ సంస్థ తానుగా ఒక్కొక్కరి తగవు తీర్చదు. అప్పీలులోను న్యాయము జరుగనిచో వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. టెలికాం తగవులను ఆ కమిషనులు విచారింపవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. ఏలూరులో జిల్లా కమిషను గలదు. 1915 నంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము సలహాను పొందవచ్చును. వీటన్నిటికి ఆధారము రసీదులు, ఫిర్యాదు సంఖ్యలు, తీగ పనిచేయని తేదీలు. ఆ తేదీలను క్యాలెండరుమీద గుర్తించుట ప్రతి ఇంటను చేయదగిన పని.

పంచాయతీ సభ్యులు చేయదగినది

ఒక ఇంటివాడు తన అనుభవము ఒక్కటియే ఎరుగును. పంచాయతీ సభ్యుడు తన వార్డులోని నలుబది ఇండ్ల అనుభవమును తెలిసికొనగలడు. ఏ కంపెనీ తీగ గత వానాకాలమున ఎన్ని దినములు ఆగినది, ఎవరు ఎన్నాళ్ళకు బాగుచేసిరి, చెప్పిన ధరకు తీసికొన్న ధరకు భేదమున్నదా అను మూడు సంగతులను ఒక పుస్తకమున వ్రాయించి కార్యాలయమున ఉంచినచో, గ్రామస్థులకు కరపత్రములకంటె అది నమ్మదగిన ఆధారమగును. ఫలానా కంపెనీలోనే చేరుడని సభ్యులు చెప్పనక్కరలేదు. చెప్పరాదు కూడ. ఉన్న సంగతిని ఉన్నట్లు అందరికి అందుబాటులో నుంచిన చాలును.

కొత్తగా తీగ వేయుటకు వచ్చు కంపెనీలతో వ్యవహరించుటయు పంచాయతీ పనియే. 2025 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చిన టెలికాం మార్గహక్కు నిబంధనల క్రింద, ప్రభుత్వ స్థలములలో తీగలు వేయువారు అనుమతికై దరఖాస్తు చేయవలెను. దరఖాస్తు వచ్చినపుడు కాలయాపన చేయక, రోడ్డు త్రవ్వినచో పూర్వపు స్థితికి తెచ్చు విషయమును స్పష్టముగా వ్రాయించుకొని అనుమతించుట మంచిది. రెండవ కంపెనీ ఊరిలోనికి వచ్చిననే గదా గ్రామస్థునకు ఎంపిక కలుగును. ఆ తీగ వేరొక దారిని వచ్చునట్లు కోరినచో, ఒకటి తెగినపుడు రెండవది నిలుచుటకు అవకాశమును కలుగును.

పంచాయతీ కార్యాలయమున తీగతోపాటు ఒక సెల్‌ఫోను ఇంటర్నెట్‌ను అదనముగా సిద్ధముగా నుంచుకొనుట అవసరము. వరద దినములలో సమాచారము పైకి పంపవలసినది ఆ కార్యాలయమే. వచ్చు సమావేశమున సభ్యులు తమ కార్యాలయపు ఇంటర్నెట్ గడువు ఏ తేదీతో ముగియునో కనుగొని, అంతకు ఒక నెల ముందుగానే ఈ విషయమును చర్చకు పెట్టుదురు గాక.