నడుము కొలతకు ప్రాణమే వెల

2006 ఆగస్టు 2వ తేదీన దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశ రాజధాని మాంటెవిడియోలో ఒక ఫ్యాషన్ ప్రదర్శన జరిగింది. లూయిసెల్ రామోస్ అనే 22 ఏళ్ళ మోడల్ వేదికపై నడిచి లోపలికి వెళ్ళిన కొద్దిసేపటికే కుప్పకూలి మరణించింది. గుండె ఆగిపోయింది. అదే సంవత్సరం నవంబరులో బ్రెజిల్ దేశపు మోడల్ అనా కరోలినా రెస్టన్ సావో పాలో నగరంలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆమె వయసు 21, ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, బరువు సుమారు 40 కిలోలు. మరుసటి ఫిబ్రవరిలో లూయిసెల్ చెల్లెలు ఎలియానా 18వ ఏటనే గుండె ఆగి మరణించింది. ఆమె కూడా మోడలే. ఏడు నెలల లోపు మూడు ప్రాణాలు పోయాయి.

ఇటువంటి వార్త చదివినప్పుడు మన ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది. 'అందాన్ని అంగట్లో పెడితే జరిగేది ఇదే' అని ఒక్క ముక్కలో తేల్చివేసి, పత్రిక పక్కన పడేస్తాము. ఆ వృత్తి పట్ల మా అభిప్రాయం ఏమిటో పాఠకులకు తెలియనిది కాదు. దానిని ఇక్కడ మళ్ళీ విప్పిచెప్పము. అయితే వృత్తిని గురించిన తీర్పు వేరు, ఆ వృత్తిలో ఆకలితో మరణించిన ఆడపిల్లను గురించిన తీర్పు వేరు. రెస్టన్ తన సంపాదనతో కుటుంబాన్ని ఆదుకోవాలని తపించేదనీ, చైనాలో జరిగిన ఒక ఎంపికలో 'లావుగా ఉన్నావు' అన్న మాట ఆమెను కుంగదీసిందనీ ఆమె మరణానంతరం పత్రికలు రాశాయి. ఇందులో అహంకారం ఎక్కడ ఉంది? మాకు కనిపించేది విధేయత. కూలి ఇచ్చేవాడు కోరిన కొలతకు శరీరాన్ని తగ్గించుకున్న ఒక కూలి మనిషి కనిపిస్తోంది.

ఆ కొలత ఎక్కడి నుండి వస్తుందో తెలుసుకోవడం అవసరం. మన ఊరి దర్జీ ముందు మనిషిని కొలుస్తాడు, తరువాత బట్ట కత్తిరిస్తాడు. ఫ్యాషన్ ప్రదర్శనలలో ఈ వరుస తలక్రిందులు. దుస్తులన్నీ ముందుగానే ఒకే సన్నని నమూనా కొలతలో కుట్టి ఉంచుతారు. వాటిలో ఇమిడే మనిషిని తరువాత వెతుకుతారు. ఇమడనివారి స్థానంలో నిలబడటానికి మరొకరు బయట వేచి ఉంటారు. పైగా చాలామందిని 14, 15, 16 ఏళ్ళ ప్రాయంలోనే ఈ పనిలోకి తీసుకుంటారు. అప్పటికి ఆ దేహం ఇంకా బాల్యాన్ని పూర్తిగా దాటి ఉండదు. 18, 19 ఏళ్ళకు స్త్రీ దేహం సహజంగా నిండుగా మారుతుంది. సృష్టికర్త ఏర్పరచిన ఆ ఎదుగుదలనే యజమాని లోపంగా లెక్కిస్తాడు. ఆ పిల్ల చేతిలో అప్పుడు మిగిలే ఆయుధం ఆకలి ఒక్కటే.

ఆకలి దేహంలో చేసే పని వెంటనే కంటికి కనబడదు. ఆహారం అందనప్పుడు దేహం పొదుపు మొదలుపెడుతుంది. ప్రాణం నిలపడానికి అత్యవసరం కాని పనులను ఒక్కొక్కటిగా ఆపివేస్తుంది. మొదట ఆగేవాటిలో నెలసరి ఒకటి. దానితోపాటు ఎముకలకు బలాన్నిచ్చే హార్మోను తగ్గిపోతుంది. మనిషి ఎముకలు ఇరవై ఏళ్ళు దాటిన కొద్ది సంవత్సరాల వరకే బలాన్ని కూడబెట్టుకోగలవు. ఆ వయసులో పోగొట్టుకున్నది తరువాత ఎంత పాలు తాగినా పూర్తిగా తిరిగి రాదు. నాడి మందగిస్తుంది, చేతులు కాళ్ళు చల్లబడతాయి, తల వెంట్రుకలు రాలిపోతాయి, ఒంటిమీద మాత్రం పసిపిల్లలకు ఉండే నూగు మొలుస్తుంది. తిన్నది వేలు పెట్టి కక్కుకునేవారికి, విరేచనాల మాత్రలు మింగేవారికి ఇంకొక అపాయం ఉంది. దేహంలోని పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. నిన్నటిదాకా నడిచి తిరిగిన అమ్మాయి నేడు హఠాత్తుగా కూలిపోవడానికి ఇదొక కారణం. ఈ వ్యాధికి 'అనొరెక్సియా నెర్వోసా' అన్న పేరును 1873లో విలియం గల్ అనే ఆంగ్లేయ వైద్యుడు వాడాడు. మానసిక వ్యాధులలో అత్యధికంగా ప్రాణాలు తీసేవాటిలో ఇది ఒకటి. ఇది పొగరు అనీ, నాజూకుతనం అనీ అనుకునే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ మరణాల తరువాత ప్రపంచం కొంత కదిలింది. బరువును కిలోలలో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించగా వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. అది 18 కన్నా తక్కువ ఉన్న మోడళ్ళను 2006 సెప్టెంబరులో మాడ్రిడ్ ఫ్యాషన్ వారోత్సవంలోకి అనుమతించలేదు. పైన చెప్పిన రెస్టన్ బరువు, ఎత్తులను లెక్కిస్తే వచ్చేది దాదాపు 13.5. ఇజ్రాయెల్ 2012లో చట్టం చేసి 18.5 అని హద్దు పెట్టింది. ఫ్రాన్స్ 2015లో చేసిన చట్టం 2017లో అమలులోకి వచ్చింది. వైద్యుని ధ్రువపత్రం లేని మోడల్‌ను పనిలో పెట్టుకుంటే ఆరు నెలల వరకు జైలు, 75,000 యూరోల వరకు జరిమానా విధించవచ్చు. ప్రకటనలోని ఛాయాచిత్రంలో దేహాన్ని సన్నగానో లావుగానో చూపడానికి మార్పులు చేస్తే, ఆ సంగతి చిత్రం మీదనే రాయాలి. ఈ చట్టంలో మాకు నచ్చినది శిక్ష పడే చోటు. ఆకలితో ఉన్న పిల్లను అది దండించదు, ఆకలిని కొనుక్కున్నవాడిని దండిస్తుంది.

మన దేశంలో మోడళ్ళ కొరకు అటువంటి చట్టం లేదు. ఇక మన పిల్లలకు ఫ్యాషన్ వేదిక కన్నా దగ్గరగా ఉన్నది విమానంలోని కొలువు. ఇంటర్మీడియట్ పూర్తికాగానే ఎయిర్ హోస్టెస్ శిక్షణ ఇస్తామనే సంస్థల కరపత్రాలు మన బస్తీలలోకీ వస్తున్నాయి. ఈ కొలువులో ఆడవారి దేహానికి వేరు కొలత ఉండటం కొత్త సంగతి కాదు. ఒకప్పుడు ఎయిర్ ఇండియాలో మొదటిసారి గర్భం ధరించగానే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం ఊడేది. 1981లో నర్గీస్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. గర్భం విషయంలో న్యాయం దక్కినా, బరువు విషయంలో కథ ముగియలేదు. 2009లో అదే సంస్థ బరువు ఎక్కువన్న కారణంతో పలువురు ఎయిర్ హోస్టెస్‌లను తొలగించింది. 2014లో పౌర విమానయాన డైరెక్టరేట్ జారీ చేసిన నిబంధనలలో విమాన సిబ్బందికి సరైన బి.ఎం.ఐ. మగవారికి 18 నుండి 25, ఆడవారికి 18 నుండి 22 అని ఉంది.

ఈ అంకెలను కిలోలలోకి మార్చి చూద్దాము. 160 సెంటీమీటర్ల ఎత్తున్న యువతి 57 కిలోలు తూగితే ఆ లెక్క ప్రకారం ఆమెది అధిక బరువు. అదే ఎత్తున్న యువకుడు 63 కిలోలు తూగినా అతనిది సరైన బరువే. విమానంలో ప్రమాదం జరిగితే ఇద్దరూ తెరవవలసిన తలుపు ఒకటే కదా! ఆసియావాసులు 23 దాటగానే జాగ్రత్తపడాలని వైద్యులు చెప్పడం నిజమే, కాని ఆ హెచ్చరిక స్త్రీ పురుషులిద్దరికీ సమానంగానే చెబుతారు. కనుక ఈ తేడా ఆరోగ్యం కొరకు పెట్టినది కాదు, చూపుల కొరకు పెట్టినదని మేము భావిస్తున్నాము.

సినిమా రంగం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో 31వ ఏట మరణించింది. అంతకు కొద్ది వారాల ముందే ఆమె కొవ్వు తొలగించే శస్త్రచికిత్స చేయించుకున్నదని పత్రికలు రాశాయి. ఆ చికిత్సే ఆమె మరణానికి కారణమని మేము అనడం లేదు. 2022 మేలో బెంగళూరులో చేతనా రాజ్ అనే 21 ఏళ్ళ కన్నడ టీవీ నటి కొవ్వు తగ్గించే చికిత్స కొరకు ఆసుపత్రిలో చేరి, ప్రాణాలతో తిరిగి రాలేదు. తెరపై చూసి 'లావైపోయింది' అని నవ్విన ప్రేక్షకుడు కూడా చేత టేపు పట్టుకున్నవాడే.

మన ఇళ్ళలో ఆ టేపు లేదా? రెండేళ్ళ క్రితం మా మదరసా వసతిగృహంలో ఒక విద్యార్థిని సోమ, గురువారాలతో ఆగకుండా వారమంతా నఫిల్ ఉపవాసాలు పాటించసాగింది. సహరీకి లేచేది కాదు. ఇఫ్తార్‌లో ఒక ఖర్జూరం, గ్లాసెడు నీళ్ళు. తోటి బాలికలు ఆమె భక్తిని మెచ్చుకున్నారు. వంటశాలలో పనిచేసే ఖాలా మాత్రం వారం తిరగకుండానే మా వద్దకు వచ్చి, "మౌల్వీసాబ్, ఈ పిల్ల రోజా ఉండటం లేదు, ఆకలిని దాస్తోంది" అన్నది. విచారిస్తే తెలిసింది ఇది: ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఫోటో చూసిన ఒక అబ్బాయి తరఫువారు 'పిల్ల కాస్త బొద్దుగా ఉంది' అని కబురు పంపారు. తల్లి ఆ మాటను యథాతథంగా ఫోన్‌లో కూతురికి చేరవేసింది. ఆ బాలిక ఏ వేదికా ఎక్కలేదు, ఏ కెమెరా ముందూ నిలవలేదు. నిలువెల్లా బురఖా ధరించిన పిల్ల కూడా కొలతకు చిక్కింది.

దేహం దైవం మనకిచ్చిన అమానతు అనీ, దానికి మనపై హక్కు ఉన్నదనీ మేము తరగతిలో బోధిస్తాము. ఆరాధన పేరు పెట్టినంత మాత్రాన ఆ హక్కును కాలరాయడం ధర్మమైపోదు. ఉపవాసం ప్రమాదకరమని వైద్యులు చెప్పినప్పుడు, వ్యాధిగ్రస్తులకు రమజానులో ఉన్న మినహాయింపు ఈ వ్యాధితో ఉన్న పిల్లకూ వర్తిస్తుంది. కోలుకున్న తరువాత ఆ ఉపవాసాలను కజా చేసుకోవచ్చు. ఈ విషయం తండ్రులు తమ కుమార్తెలకు స్వయంగా చెప్పాలి. ఆమె అడగదు, దాచుకుంటుంది.

తల్లులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. అందరితో కలిసి భోజనానికి కూర్చోకుండా ఏదో ఒక సాకు చెప్పడం, తినగానే స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకోవడం, మాటిమాటికీ తూకం చూసుకోవడం, ఎండాకాలంలోనూ చలి అనడం, నిలబడగానే కళ్ళు తిరగడం. నెలసరి మూడు నెలలు వరుసగా రాకపోతే సిగ్గుపడకుండా వైద్యురాలికి చూపించాలి. కోప్పడి బలవంతంగా తినిపించకూడదు. చాలా రోజులుగా కడుపు మాడ్చుకున్న పిల్లకు ప్రేమకొద్దీ ఒక్కసారిగా బిర్యానీ పెట్టడం కూడా అపాయమే. ఎండిన దేహంలోకి ఆహారం హఠాత్తుగా చేరితే రక్తంలోని లవణాలు తారుమారై గుండెకే ముప్పు రావచ్చు. ఆహారాన్ని ఎంత, ఎలా పెంచాలో వైద్యులే నిర్ణయించాలి. మనసుకు సంబంధించిన సలహా కొరకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా లభిస్తుంది.

కుమార్తెను పైన చెప్పినటువంటి శిక్షణా సంస్థకు పంపదలచిన తల్లిదండ్రులు ఫీజు కట్టకముందే అక్కడ కొన్ని ప్రశ్నలు అడగాలి. బరువు ఎంత ఉండాలి? ఆ హద్దును ఎవరు నిర్ణయించారు, ఏ కాగితంలో ఉంది? దాటితే కట్టిన ఫీజు ఏమవుతుంది, ఉద్యోగం ఏమవుతుంది? గర్భవతి అయితే పరిస్థితి ఏమిటి? సమాధానాన్ని కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. నోటిమాటగా చెప్పి రాసివ్వడానికి వెనుకాడితే, ఆ రోజుకు ఫీజు సొమ్ము తిరిగి ఇంటికి తెచ్చుకోవడమే మేలు.