మీకు తెలుసా? వేణునాదాన్ని ఈల అనుకునే వినికిడి యంత్రాలున్నాయి!

వినికిడి యంత్రాలను ప్రధానంగా మాటలు వినడానికే రూపొందిస్తారు. మామూలు సంభాషణ 60–65 డెసిబెల్స్ ఉంటే, కచేరీ వేదిక మీద శబ్దం ఒక్కోసారి 100 దాటుతుంది. అంత ధాటిని యంత్రం లోపలికి తీసుకోలేకపోతే స్వరం అక్కడే చిట్లిపోతుంది. ఆ తర్వాత వాల్యూమ్ తగ్గించినా లాభం లేదు. కెనడా ఆడియాలజిస్టు మార్షల్ చేసిన్ ఇందుకు చెప్పిన చిట్కా భలే తేలికైంది: వినికిడి యంత్రం మైక్ మీద చిన్న టేపు ముక్క అంటిస్తే లోపలికి వెళ్లే శబ్దం దాదాపు 10 డెసిబెల్స్ తగ్గుతుంది.

ఇంకో చిక్కు. యంత్రం నుంచే వచ్చే ఈలలాంటి ‘ఫీడ్‌బ్యాక్’ కూతను అణిచే ఏర్పాటు, వేణువు మీద నిలిపిన స్వరాన్ని కూడా కూతే అనుకుని చెరిపేయబోతుంది. తంబుర నాదాన్ని రొదగా లెక్కగట్టే యంత్రాలూ ఉన్నాయి. పై స్థాయి ధ్వనులను కిందికి దించే సదుపాయం మాటలకు మేలు చేయవచ్చు గానీ, శ్రుతినే మార్చేస్తుంది. గాయకులకు అది నిజంగా బాధ.

అందుకే కొనేముందు ఇవన్నీ ఆపేసే ‘మ్యూజిక్ ప్రోగ్రామ్’ ఉందా అని తప్పక అడగండి. యంత్రాన్ని పరీక్షించి చూసేందుకు మీ వాద్యాన్నే వెంట తీసుకెళ్లండి.